ఇల్లాలి పద్దు: పాత పెద్దబండి, దాని మేత



మామిడికుదురు చేరువ గ్రామము నుండి ఒక సోదరి యిట్లు వ్రాసినారు: “మా వారును బావగారును కలసి 2012 నాటి పెద్ద డీజిలు బండి నొకదానిని నాలుగు లక్షలకు కొనవలెనని నిశ్చయించుకొన్నారు. మాఘములో ఆడపడుచు పెండ్లి యున్నది. అత్తగారిని నెలకొకసారి కాకినాడ ఆస్పత్రికి తీసికొని పోవలసియున్నది. చాలని సొమ్మునకు నా గాజులు బ్యాంకిలో కుదువ పెట్టవలెనట. బండి సంగతి ఆడువారికేల యని బావగారు నవ్వుచున్నారు. నే నేమి యడుగవలెనో నాకు తెలియకున్నది.”

ఇట్టి ప్రశ్న ఒక్క యింటిది కాదు. కావుననే యీ నెల పద్దు దీనికే కేటాయించితిని.

ఆడువారికి బండి సంగతి యేల యనువారికి మన పురాణములే బదులు చెప్పగలవు. దశరథుని రథచక్రపు సీల యూడినపుడు కైకేయి తన వ్రేలు చొనిపి రథమును నిలిపినదని మన పెద్దలు చెప్పుకొను కథ. ద్వారక నుండి పోవునపుడు సుభద్ర పగ్గములు పట్టి రథము తోలినది. వారు వ్రేలిని, చేతిని ఒడ్డినారు. మన సోదరి గాజుల నొడ్డుచున్నది. సొమ్ము ఒడ్డినవారికి లెక్క యడుగు హక్కు కలదు. అడుగుట కలహము గాదు. అడుగక యూరకుండి, పిదప నిట్టూర్చుటయే కలహమునకు మూలము.

చవక యన నేమి?

గోదావరి పాయలు దాటుటకు రేవుల వద్ద పడవలకై కాచుకొన్న దినములు మన తల్లులకు జ్ఞాపకమే. యానాం–ఎదుర్లంక, దిండి–చించినాడ వంతెనలును, 216వ నెంబరు జాతీయ రహదారియు ఏర్పడిన తరువాత కోనసీమ వాకిళ్లలోనికి పెద్దబండ్లు చేరినవి. సఫారీ 1998లోను, బొలెరో 2000లోను, స్కార్పియో 2002లోను, ఎండీవరు 2003లోను, ఇన్నోవా 2005లోను, ఫార్చ్యూనరు 2009లోను మన దేశపు విపణికి వచ్చినవి. ఏడెనిమిదిమంది కూర్చుండవచ్చును, ఎత్తుగా నుండుటచే గతుకులకు, కొలది నీటికి జంకదు, పెండ్లివారింటి ముందు నిలిచిన కంటికి నిండుగా నుండును. వీనిలో కొన్ని పాతబడి, చేతులు మారి, నేడు మూడు, నాలుగు లక్షలకే దొరకుచున్నవి.

ఇచ్చట ఒక సూక్ష్మ మున్నది. బండి వెల ఏటేట తగ్గును గాని, దాని భాగముల వెల తగ్గదు. పదునైదు లక్షలు పెట్టి క్రొత్తగా కొన్నవాడు టర్బోకు ఏ వెల యిచ్చునో, మూడు లక్షలకు పాతది కొన్నవాడును ఆ వెలయే యీయవలెను. టైరు అంతే, క్లచ్చి అంతే, చమురు అంతే. చవకగా దొరికిన యేనుగునకు మేత చవకగా దొరకదు. కావున కొనుటకు ముందు అడుగవలసిన ప్రశ్న “వెల యెంత?” యని కాదు, “మేత యెంత?” యని.

మన నేల మీది చిక్కులు

ఎక్కడి బండికైనను వయసు వచ్చును గాని, కోనసీమలో అది కొంచెము త్వరగా వచ్చును. అంతర్వేది మొదలు ఓడలరేవు దాక సముద్రపు గాలి ఉప్పును మోసికొని వచ్చును. ఆ యుప్పు తేమతో కలసి తలుపుల అడుగు అంచులను, సైలెన్సరు గొట్టమును, బ్రేకు గొట్టములను, అన్నిటికి ఆధారమగు ఛాసిస్‌ను తినివేయును. పైన రంగు నిగనిగలాడుచున్నను లోపల త్రుప్పు పని చేయుచునే యుండును. కావున నెలకొకసారి మంచినీటితో బండి క్రిందిభాగమును బాగుగా కడిగింపుడు. వాన లుడిగిన పిమ్మట త్రుప్పు పట్టకుండ క్రింద పూత వేయింపుడు. సముద్రతీరమునకు పోయి వచ్చిన మరునాడు కడుగుట మరువరాదు.

రెండవది వరద. 2022 జూలైలో ధవళేశ్వరము వద్ద 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పారినపుడు మన లంక గ్రామము లెట్లు మునిగినవో చూచితిమి. నీటిలో నిలిచిన బండిని ఎట్టి పరిస్థితిలోను స్టార్టు చేయరాదు. గాలి పీల్చు గొట్టము ద్వారా ఇంజనులోనికి నీరు చేరియుండిన, గాలి వలె నీరు నొక్కుడు పడదు గనుక కనెక్టింగు రాడ్లు వంగిపోవును. తాళము త్రిప్పిన ఒక్క క్షణము లక్ష రూపాయల నష్టమును తేగలదు. బ్యాటరీ తీగ తొలగించి, లాగించుకొని షెడ్డునకు చేర్చుటయే మేలు. చక్రముల దాక నీటిలో నడచిన బండికి గేరుబాక్సు నూనెయు, వెనుక ఇరుసు హౌసింగు నూనెయు చూపింపవలెను. అది పాలు కలిపిన కాఫీ వలె నున్నచో నీరు చేరినదని గుర్తు, వెంటనే మార్పింపుడు. ఆ నూనె ఖర్చు వేలలో నుండును; మార్పకున్న పండ్లచక్రముల ఖర్చు పదివేలలోనికి పోవును.

మూడవది మన కొబ్బరిచెట్టు. నీడ గలదని చెట్టు క్రింద బండి నిలుపుట మన వాడుక. కాయ పడిన ముందుటద్దము పగులును. మట్ట పడిన కప్పు సొట్టపడును. నాల్గవది ఎలుక. ధాన్యము, కొబ్బరి నిలువచేయు పాక ప్రక్కన వారముల తరబడి కదలక నిలిచిన బండిలో ఎలుక కాపురము పెట్టి తీగలు కొరుకును. తీగ తెగినచోటు వెదకుటకే మేస్త్రి రెండు దినములు కూలి తీసికొనును. వారమునకు రెండుమారులైనను బండి నడపుట, బానెటు తెరచి చూచుట మంచి వాడుకలు.

మరమ్మతుల వెలలు

ఈ క్రింది వెలలు బొలెరో, స్కార్పియో, సఫారీ వంటి బండ్లకు బయటి షెడ్డులలో కూలితో కూడ సుమారుగా నగునవి. ఊరిని, మేస్త్రిని, వస్తువు జాతిని బట్టి హెచ్చుతగ్గులుండును. ఫార్చ్యూనరు, ఎండీవరు వంటివానికి రెట్టింపు, కొన్నిటికి అంతకును మించునని తలంపవలెను.

క్లచ్చి: ఇంజను రొదచేయుచు బండి ముందునకు సాగకున్న, వంతెన యెక్కునపుడు బరువుగా లాగుచున్న క్లచ్చిప్లేటు అరిగినదని గుర్తు. 12 వేల నుండి 20 వేల దాక.

టర్బో: ఈల వంటి ధ్వని, నల్లని పొగ, బలము తగ్గుట దీని లక్షణములు. క్రొత్తది 25 వేల నుండి 40 వేల దాక. దూరప్రయాణము చేసి వచ్చిన వెంటనే ఇంజను ఆపక, ఒక నిముషము ఊరక నడువనిచ్చిన దీని ఆయువు పెరుగును. నల్లబడిన ఇంజను నూనెను మార్పకుండుటయే దీనికి పరమశత్రువు.

ఇంజెక్టరులు: ఒక్కొక్కటి క్రొత్తది 12 వేల నుండి 18 వేలు, నాలుగుండును. డీజిలులో నీరుగాని మడ్డిగాని చేరుటచే ఇవి చెడును. డీజిలు ఫిల్టరును వేళకు మార్పించుటయే వీనికి కాపుదల.

బుష్షులు, షాకబ్జర్లు, బాల్ జాయింట్లు: గతుకులలో టకటక ధ్వని వచ్చుచున్న ఇవి అరిగినవి. మొత్తము చేయించిన 20 వేల నుండి 40 వేలు. వీని నుపేక్షించిన క్రొత్త టైర్లు కూడ ఒక ప్రక్క అరిగిపోవును.

టైర్లు: నాలుగింటికి సుమారు 40 వేలు. టైరు ప్రక్కన నాలుగంకెల ముద్ర యుండును. 2319 అని యున్నచో 2019వ సంవత్సరము 23వ వారమున చేసినదని అర్థము. గాడులు లోతుగా కనబడుచున్నను పదేండ్లు దాటిన టైరును నమ్మరాదు.

ఏసీ: కాయిలు కారుచున్న ఐదారు వేలు మొదలు, కంప్రెషరు పోయిన 25 వేల దాక.

పాత ఇన్నోవా, 3 లీటర్ల ఫార్చ్యూనరు డీజిలు బండ్లలో టైమింగు బెల్టు ఉండును. బండితో వచ్చిన పుస్తకమున వ్రాసిన కిలోమీటర్లకు దానిని తప్పక మార్పవలెను. అది నడకలో తెగిన ఇంజను లోపలి వాల్వులు దెబ్బతినును. అమ్మువానిని “బెల్టు ఎప్పుడు మార్చితిరి? రసీదు కలదా?” యని మొదటనే యడుగుడు.

వీనిలో పెద్ద ఖర్చు లెట్లు పుట్టునో గమనింపుడు. రేడియేటరునకు పోవు రబ్బరుగొట్టము కొన్ని వందల రూపాయలది. అది చిట్లి నీరు కారును. రేడియేటరు పోసిన నీరు తరచు తగ్గుచున్నదని డ్రైవరు చెప్పినను, “నీరే గదా, పోయుము” అని మనవారందురు. ఒకనాడు త్రోవలో ఇంజను కాగి హెడ్డు గాస్కెటు పోవును: 25 వేల నుండి 40 వేలు. కాగుచున్న బండినే ఇల్లు చేరుదాక నడపిన ఇంజను బోరునకు వచ్చును: లక్ష నుండి లక్షన్నర. వందల వద్ద ఆగవలసిన నష్టము లక్షకు పెరుగుటకు కారణము యంత్రము కాదు, మన జాగు.

చిన్నదని తలంపరాని లోపము

పాత పెద్దబండ్లలో పవర్ అద్దము దిగకుండుట, ఒక తలుపు లోపలి నుండి తెరువబడకుండుట సాధారణము. “ఏసీ యున్నది గదా, అద్దముతో పనియేమి?” యని సంవత్సరముల తరబడి వదలివేయుదురు. మోటారు మార్పించుట రెండు మూడు వేల పని. కాని మన త్రోవలు తలంచుకొనుడు. అమలాపురము పోయినను, కొత్తపేట పోయినను, రాజోలు పోయినను ఒక ప్రక్క పంటకాలువ వెంటనే వచ్చును. గట్టుత్రోవలు ఇరుకు, ఎదురుగా కొబ్బరికాయల లారీ వచ్చిన చక్రము అంచునకు పోవలెను. ఇట్టి చోట బండి కాలువలో పడిన, తెరువబడని తలుపు, దిగని అద్దము ప్రాణములు తీయును. నీటిలో పడిన బండి కొన్ని క్షణములు తేలును. ఆ క్షణములలో సీటుబెల్టులు విప్పి, అద్దములు దింపి, పిల్లలను ముందుగా వెలుపలికి పంపవలెను. నీరు అద్దము దాక పెరిగిన తరువాత తలుపును త్రోయుట మిక్కిలి కష్టము. కావున నాలుగు అద్దములు, నాలుగు తలుపులు పనిచేయని బండి ఎక్కమని ఇల్లాలు చెప్పవలెను. డ్రైవరు చేతికందునట్లు మొనగల చిన్న సుత్తి యొకటి ఉంచుడు.

చేతిలో సొమ్ము తక్కువైనపుడు మరమ్మతుల వరుస యిది: మొదట బ్రేకులు, టైర్లు, స్టీరింగు కీళ్లు, దీపములు, తలుపులు, అద్దములు. పిదప ఇంజను నూనె, రేడియేటరు, బెల్టులు. చివర ఏసీ, రంగు, పాటల పెట్టె. మన యిండ్లలో ఈ వరుస తలక్రిందుగా జరుగుచున్నది. పెండ్లికని రంగు వేయింతురు. బ్రేకులు పెండ్లి తరువాత చూతమందురు.

సంవత్సరపు పద్దు

ఇప్పుడు కలము తీసికొనుడు. 1500 సి.సి. దాటిన సొంత బండికి థర్డ్ పార్టీ బీమా 2022 జూను నుండి అమలైన రేటున 7,897 రూపాయలు, పన్నుతో 9,300. ఏట రెండు సర్వీసులు 16,000. టైర్లు నాలుగేండ్లకొకసారి యనుకొన్న ఏటికి 11,000. బ్యాటరీ పాలు 2,000. క్లచ్చి పాలు 3,000. బుష్షులు, షాకబ్జర్ల పాలు 10,000. ఇంజెక్టరు, టర్బో వంటి అనుకొనని వానికి 15,000. మొత్తము 66,300. నెలకు ఐదున్నర వేలు. బండి కదలకున్నను ఇందులో చాలభాగము తప్పదు.

ఇక డీజిలు. లీటరునకు 11 కిలోమీటర్లు నడచు ననుకొని, లీటరు వంద రూపాయలకు చేరువయని లెక్కించిన, కిలోమీటరునకు 9 రూపాయలు. నెలకు 600 కిలోమీటర్లు తిరిగిన, మరమ్మతుల పాలు కిలోమీటరునకు మరొక 9 రూపాయలు, వెరసి 18. నెలకు 300 కిలోమీటర్లే తిరిగిన, అదే మరమ్మతుల పాలు 18 అగును, వెరసి 27. బండి వెల, దాని వడ్డీ ఇందులో చేరలేదు. మీ యూరిలో డ్రైవరుతో అద్దెబండి కిలోమీటరునకు ఎంత తీసికొనుచున్నదో అడిగి, ఈ అంకెల ప్రక్కన వ్రాయుడు. తక్కువ తిరుగు ఇంటికి అద్దెబండియే చవకయని, పెద్ద కుటుంబముతో తరచు తిరుగు ఇంటికి సొంతబండి నష్టము కాదని మీకే తెలియును.

కాగితముల పరీక్ష

సొంత బండికి రిజిస్ట్రేషను 15 సంవత్సరములు. 2012లో రిజిస్టరయిన దానికి 2027లో గడువు తీరును. అప్పుడు తనిఖీ చేయించి ఐదేండ్లకు పునరుద్ధరింపవలెను. కారు తరగతికి 2022 ఏప్రిలు నుండి ఈ రుసుము 5,000. ఇరువదేండ్లు దాటినవానికి 2025 ఆగస్టులో 10,000 చేసినారు. హరితపన్ను వేరు. తనిఖీలో త్రుప్పు, పొగ, బ్రేకు దోషములు బయటపడిన వానిని బాగుచేయించు ఖర్చు వేరు. అమ్మువాడు గడువునకు ముందే అమ్మజూచుటకు ఇదియు నొక కారణము కావచ్చును.

పరివాహన్‌లో బండి నెంబరు కొట్టిన, ఏ తేదీన రిజిస్టరయినది, ఎన్నవ యజమాని, అప్పు తీరినదా, బీమా యెప్పటిదాక యున్నది తెలియును. అప్పు తీరినను ఫైనాన్సు వారి పేరు తొలగింపనిదే కొనరాదు. కొన్న నెలలోపల పేరు మార్పించుకొనుడు.

ఫుల్ బీమా చేయించినను, పదేండ్లు దాటిన బండికి ప్రమాదములో పోయిన లోహభాగముల వెలలో సగమే యిత్తురు. రబ్బరు, ప్లాస్టికు భాగములకును సగమే. అద్దమునకు మాత్రము ఈ కోత లేదు. నీరు చేరి చెడిన ఇంజనునకు ప్రత్యేకపు రక్షణ తీసికొననిదే సాధారణముగా సొమ్ము రాదు.

అమ్మకము నిలిచిపోయిన కంపెనీల బండ్లు మరింత చవకగా వచ్చును. షెవ్రొలె బండ్ల అమ్మకము మన దేశమున 2017తో ముగిసినది. ఫోర్డు తయారీ ఆపుచున్నట్లు 2021 సెప్టెంబరులో ప్రకటించినది. అట్టివి చెడ్డ బండ్లని కాదు. కొనుటకు ముందే మీ మేస్త్రిని “దీని సామాను ఎచ్చట దొరకును? ఎన్నాళ్లకు వచ్చును?” అని యడుగుట వివేకము. విజయవాడ ఆటోనగరులో పాత సామాను దొరకవచ్చును గాని, బ్రేకు, స్టీరింగు భాగములను మాత్రము పాతవి కొనవలదు.

చూడబోయినపుడు

ఉదయమున, ఇంజను చల్లగా నున్నపుడే చూడబోవుడు. ముందే వేడిచేసియుంచిన బండి తన రోగమును దాచును. స్టార్టు చేయగా నీలిపొగ ఆగక వచ్చిన ఇంజను నూనె మండుచున్నదనియు, నల్లపొగ డీజిలు సరిగా మండుటలేదనియు, వేడెక్కిన తరువాతను తెల్లపొగ వచ్చుచున్న రేడియేటరు నీరు లోపలికి చేరుచున్నదేమో యనియు అనుమానింపవలెను. సీటుబెల్టును కొసదాక లాగి చూడుడు. బురదచార యున్నచో బండి వరదలో మునిగినది. చాప యెత్తి చూచిన ఒండ్రు కనబడును. క్రింద వంగి ఛాసిస్‌ను చువ్వతో తట్టింపుడు. గట్టిధ్వనికి బదులు పొట్టు రాలిన, ఆ బండిని ఏ వెలకును కొనవలదు. మైళ్లమీటరును నమ్మక, సర్వీసు రసీదులతో సరిపోల్చుడు. ఊరివాడు గాని మేస్త్రికి వెయ్యి రూపాయలిచ్చి యైనను చూపింపుడు. అమ్మువాని స్నేహితుడగు మేస్త్రి మాట సాక్ష్యము కాదు.

షెడ్డులో పని యప్పగించునపుడు చేయవలసిన పనులు, వెలలు ముందుగా కాగితముపై వ్రాయించుకొనుడు. మార్చిన పాత వస్తువును తిరిగి యిమ్మని అడుగుడు. క్రొత్తదాని డబ్బాపై వెల చూడుడు. బండి విడిభాగములపై జి.ఎస్.టి. 2025 సెప్టెంబరు 22 నుండి 18 శాతమునకు తగ్గినది. పాత 28 శాతము వేసిన రసీదును ఒప్పుకొనకుడు.

ఇక మన సోదరికి నా సలహా. నాలుగు లక్షలు కొనుటకే సరిపోయి గాజులు కూడ పోవునట్లయిన, కొనకుడు. పెండ్లి నాలుగు దినములకును, నెలకొక ఆస్పత్రి ప్రయాణమునకును అద్దెబండి చాలును. కొనియే తీరవలెనన్న, మూడు లక్షలలో బండి చూచి, తక్కిన లక్షను బ్యాంకిలో బండి పేరనే ఉంచుడు. గాజులు పెట్టెలోనే యుండనిండు. కొన్న పిదప ఒక్క మరమ్మతుకే బండి అమ్ముడువెలలో సగమునకు మించి యడిగినపుడు, “ఇంత పెట్టితిమి గదా, ఇంకొంత పెట్టుదము” అనక వదలుకొనుడు. పోయిన సొమ్మును పట్టుకొనుటకై ఉన్న సొమ్మును విసరుట ఏ శాస్త్రమును ఒప్పదు.

బండిలోని అరలో నలుబది పుటల పుస్తకమొకటి పెట్టుడు. తేదీ, కిలోమీటర్లు, చేసిన పని, ఇచ్చిన సొమ్ము ఇల్లాలి చేతివ్రాతతో ఎక్కవలెను. సంవత్సరాంతమున కూడి మగవారి ముందుంచుడు. నోటితో నూరుమారులు చెప్పినను వినని మాట, ఆ పుటలోని మొత్తము ఒక్కమారే చెప్పగలదు.